బ్రోకర్ల ‘ఎక్స్‌క్లూజివ్’ అగ్రిమెంట్ సమీక్ష: ఇల్లు అమ్ముడుపోకముందే ఒప్పందం ముగించాలంటే

హైదరాబాద్‌లో ఫ్లాటో, ఇండిపెండెంట్ ఇల్లో అమ్మకానికి ఉందని తెలిస్తే రెండు రకాల మధ్యవర్తులు వస్తారు. మొదటి రకం కాలనీ బ్రోకరు. కాగితం ఉండదు, గడువు ఉండదు. పార్టీ కుదిరితే కమీషన్, కుదరకపోతే ఎవరి దారి వారిది. రెండో రకం ఆఫీసు పెట్టుకున్న కన్సల్టెన్సీ. వీళ్లు వంద రూపాయల స్టాంపు కాగితం మీద మూడు నాలుగు పేజీల ‘ఎక్స్‌క్లూజివ్’ అగ్రిమెంట్ తెస్తారు. ఫలానా తేదీ వరకు ఈ ఇంటిని తామే అమ్మాలి, ఇంకో బ్రోకరుకు చెప్పకూడదు అన్నది దాని సారం. గేటెడ్ కమ్యూనిటీల్లో రీసేల్ ఫ్లాట్లకు, యజమానులు విదేశాల్లో ఉన్న ఇళ్లకు ఈ పద్ధతి బాగా కనిపిస్తోంది.

ఈ సమీక్ష ఆ రెండో రకం సేవ మీద, అందులోనూ దాన్ని మధ్యలో ముగించే దారి మీద. ఫొటోలు ఎంత బాగా తీస్తారో, ఎన్ని సైట్లలో పెడతారో ఏజెంటే చెబుతాడు. వద్దనుకున్న రోజు ఏమవుతుందో మాత్రం సంతకం పెట్టే రోజున ఎవరూ మాట్లాడరు. తీర్పు ముందే చెబుతాం. గడువు 90 రోజులు దాటకుండా ఉండి, 15 రోజుల నోటీసుతో బయటికి వచ్చే వీలుండి, ముగిసిన తర్వాత కమీషన్ హక్కు పేర్ల జాబితాకే పరిమితమైతే ఇది తీసుకోదగ్గ సేవ. మొదటి రెండింట్లో కొంచెం అటూ ఇటూ సర్దుకోవచ్చు. మూడోది లేని అగ్రిమెంట్ మీద సంతకం పెట్టొద్దు.

సేవలో మంచి ఉంది, కాదనలేం. ఒకే ఫ్లాట్‌ను అయిదుగురు బ్రోకర్లకు అప్పగిస్తే పోర్టళ్లలో అది అయిదు రేట్లకు కనిపిస్తుంది. ఒకడు 1.25 కోట్లంటాడు, ఇంకొకడు ఫోన్లు రావాలని 1.10 కోట్లు పెడతాడు. చూసినవాళ్లు యజమానికి డబ్బు అవసరం పడిందనుకుని అక్కడి నుంచి బేరం మొదలుపెడతారు. ఎక్స్‌క్లూజివ్‌లో రేటు ఒక్కటే, నంబరు ఒక్కటే, తాళం చెవి ఒకరి దగ్గరే. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి మియాపూర్ ఫ్లాట్ అమ్మేవాళ్లకు ఇది నిజంగా ఉపయోగం. మంచి ఏజెంటు అయితే లింక్ డాక్యుమెంట్లు (ఇల్లు చేతులు మారిన పాత పత్రాలు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఆస్తి పన్ను రసీదులు ముందే సరిచూసి, కొనేవారి బ్యాంకు లోను కాగితాల దగ్గర నుంచి రిజిస్ట్రేషన్ స్లాట్ దాకా వెంట ఉండి నడిపిస్తాడు.

కమీషన్ సాధారణంగా అమ్మకం ధరలో 1 నుంచి 2 శాతం. 1.20 కోట్ల ఫ్లాట్‌కు 2 శాతమంటే 2,40,000 రూపాయలు. ఏజెంటుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే దానిమీద 18 శాతం, అంటే మరో 43,200. మొత్తం 2,83,200. ఒప్పందం సరిగా ముగించకుండా ఇంకో బ్రోకరు ద్వారా అమ్మితే ఇంత మొత్తాన్ని రెండుసార్లు అడిగే పరిస్థితి వస్తుంది. ఈ సేవలో అసలు ప్రమాదం ఇదే.

సంతకానికి ముందు చదవాల్సిన పంక్తులు

గడువు ఎంత అన్నదానికంటే, గడువు అయ్యాక ఏమవుతుందన్నది ముఖ్యం. ‘రాతపూర్వకంగా రద్దు చేసేవరకు కొనసాగును’ అనో, ‘గడువుకు 15 రోజుల ముందు తెలియజేయనిచో అంతే కాలానికి పొడిగించబడును’ అనో చాలా అగ్రిమెంట్లలో ఒక వాక్యం ఉంటుంది. ఇలాంటి చోట తేదీ దాటినంత మాత్రాన ఒప్పందం ముగియదు. ఉదాహరణకు జూన్ 1న మొదలైన 90 రోజుల ఒప్పందానికి ఆఖరి రోజు ఆగస్టు 29. పొడిగింపు వాక్యం ఉంటే మీ నోటీసు ఆగస్టు 14 లోపు ఏజెంటు చేతికి చేరాలి. పోస్టు చేసిన తేదీ కాదు, చేరిన తేదీ లెక్క. కాబట్టి ఆ నెల మొదటి వారంలోనే పంపాలి. ఆగస్టు 20న ఫోన్ చేసి ‘ఇక వద్దులెండి’ అంటే, కాగితం ప్రకారం మరో 90 రోజులు ఇరుక్కున్నట్టే.

రెండో పంక్తి, మీరే సొంతంగా అమ్ముకుంటే సంగతేమిటన్నది. ‘ఎక్స్‌క్లూజివ్’ అన్న మాటకు చట్టంలో నిర్వచనం లేదు. అగ్రిమెంట్‌లో ఏం రాస్తే అదే. కొన్నిట్లో ఇంకో బ్రోకరును పెట్టకూడదని మాత్రమే ఉంటుంది. అప్పుడు మీ బావమరిదికో, పక్క ఫ్లాట్‌వారికో అమ్మితే కమీషన్ లేదు. మరికొన్నిట్లో ‘ఈ కాలంలో ఆస్తి ఏ మార్గంలో అమ్ముడుపోయినా కమీషన్ చెల్లించవలెను’ అని ఉంటుంది. అపార్ట్‌మెంట్లలో పై అంతస్తువారో, ఎదురు ఫ్లాట్‌లో అద్దెకుంటున్నవారో కొనడం మామూలే కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. ముందే మాటల్లో ఉన్న ఇద్దరు ముగ్గురి పేర్లు సంతకం రోజునే రాయించి, ‘వీరికి అమ్మితే కమీషన్ వర్తించదు’ అని ఒక వాక్యం పెట్టించుకోవాలి. నిజాయితీ గల ఏజెంట్లు దీనికి అడ్డు చెప్పరు.

మూడోది, కమీషన్ ఎప్పుడు చెల్లించాలన్నది. సగం సేల్ అగ్రిమెంట్ రోజున, సగం రిజిస్ట్రేషన్ రోజున అని రాయడం ఆనవాయితీ. కొనేవారికి బ్యాంకు లోను రాక బేరం చెడితే మొదటి సగం తిరిగొస్తుందా అన్నది మాత్రం రాయరు. అగ్రిమెంట్‌లో ఏమీ లేకపోతే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 219 ప్రకారం పని పూర్తయ్యేవరకు ఏజెంటుకు ప్రతిఫలం బాకీ పడదు. రాసుకున్నారంటే రాసుకున్నదే చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ రోజునే మొత్తం ఇస్తామని పట్టుపట్టడం మేలు. ఒప్పుకోకపోతే, బేరం చెడిన 7 రోజుల్లో మొదటి సగం తిరిగివ్వాలని రాయించాలి.

నాలుగోది టెయిల్ పీరియడ్. ఒప్పందం ముగిశాక కూడా కొన్నాళ్లపాటు, తాము పరిచయం చేసిన వ్యక్తి కొంటే కమీషన్ ఇవ్వాలన్న షరతు ఇది. షరతు న్యాయమైనదే. లేకపోతే పార్టీని చూపించాక బ్రోకరును తప్పించి, వెనకనుంచి రిజిస్ట్రేషన్ చేసుకునేవారు ఉంటారు. తగాదా అంతా ‘పరిచయం’ అన్న మాట దగ్గరే. పోర్టల్‌లో ప్రకటన చూసి ఫోన్ చేసినవాడూ, గేటు దగ్గరకు వచ్చి వెళ్లినవాడూ, రెండుసార్లు ఇల్లు చూసి రేటు చెప్పినవాడూ, ముగ్గురూ పరిచయమైనవారే అని ఏజెంటు అంటాడు. అందుకని ఈ వాక్యాన్ని ఇలా మార్పించండి: ‘ఒప్పందం అమల్లో ఉన్న కాలంలో ఏజెంటు స్వయంగా తీసుకువచ్చి ఇల్లు చూపించి, ముగిసిన 7 రోజుల్లో యజమానికి రాతపూర్వకంగా ఇచ్చిన జాబితాలో పేరున్న వ్యక్తి, 60 రోజుల్లోపు కొనుగోలు ఒప్పందం చేసుకుంటే మాత్రమే కమీషన్ వర్తించును.’ పై ఉదాహరణలో ఆగస్టు 29న ముగిస్తే ఈ 60 రోజులు అక్టోబరు 28తో అయిపోతాయి. 180 రోజులు అడిగేవాళ్లున్నారు, 90 దాకా సర్దుకోవచ్చు. ‘జాబితా’ అన్న మాట మాత్రం వదులుకోవద్దు.

చట్టం ఎవరి పక్షాన ఉంది

ఇక్కడ యజమానులు అనవసరంగా భయపడతారు. ఇంటి బ్రోకరు చట్టం దృష్టిలో మీ ఏజెంటు, మీరు యజమాని. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని పదో అధ్యాయం ఈ సంబంధాన్ని నడుపుతుంది. సెక్షన్ 203 ప్రకారం, ఏజెంటు తన అధికారాన్ని వాడి మిమ్మల్ని మూడో వ్యక్తికి కట్టుబడేలా చేయనంతవరకు ఆ అధికారాన్ని మీరు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. గడువు మిగిలి ఉన్నా తీసుకోవచ్చు. ‘90 రోజులు అయ్యేదాకా మీరు ఆపలేరు’ అన్న మాట తప్పు. సరైన కారణం లేకుండా ముందే ఆపితే నష్టపరిహారం అడిగే హక్కు అతనికి సెక్షన్ 205 ఇస్తుంది. తగిన నోటీసు ఇవ్వాలని 206 చెబుతుంది. ఇంత తేడా: ఆపే అధికారం మీది, అందువల్ల ఏజెంటుకు నష్టం జరిగితే లెక్క తేల్చాల్సిందీ మీరే.

ఆ నష్టం ఎంత? ‘యజమాని మధ్యలో విరమించుకుంటే పూర్తి కమీషన్ చెల్లించవలెను’ అని రాసి ఉన్నా, ఆ అంకె దానంతట అది రాదు. సెక్షన్ 74 ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. 2015లో కైలాశ్ నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు, నష్టం జరగడం ఈ సెక్షన్ కింద తప్పనిసరి అంశమని స్పష్టం చేసింది. ఒక్క పార్టీని కూడా తీసుకురాని ఏజెంటు రెండు లక్షల నలభై వేలు అడిగితే, అది ఏ నష్టానికి లెక్క అని అడగండి. ఫొటోగ్రాఫర్ బిల్లు, పోర్టల్ ప్రీమియం ప్యాకేజీ రసీదు చూపిస్తే అవి ఇవ్వడం న్యాయం. అసలు మొదట్లోనే ‘మధ్యలో ముగిస్తే రసీదులున్న ప్రకటన ఖర్చులు, 15,000 మించకుండా’ అని రాయించుకుంటే ఈ వాదనే ఉండదు.

ఏజెంటు తప్పు చేస్తే లెక్క తిరగబడుతుంది. మీకు 1.10 కోట్లు వచ్చిందని చెప్పి, కొనేవారి దగ్గర 1.16 కోట్లకు మాట్లాడి మధ్యలో ఆరు లక్షలు మిగుల్చుకోవాలని చూడటం ఈ రంగంలో వినపడే మోసం. ఏజెంటు మీకు తెలియకుండా తన సొంతానికి బేరం చేస్తే ఆ లాభాన్ని రాబట్టుకునే హక్కు సెక్షన్ 216 మీకిస్తుంది. దుష్ప్రవర్తన జరిగిన పనికి ప్రతిఫలం లేదని 220 చెబుతుంది. అందుకే కొనేవారితో ధర విషయం ఒక్కసారైనా ముఖాముఖి మాట్లాడండి. మాట్లాడనివ్వని ఏజెంటు సంగతి అక్కడే తేలిపోతుంది.

ఒక్క పరిస్థితిలో మాత్రం వెనక్కి రాలేరు. అతను తెచ్చిన పార్టీ దగ్గర మీరు ఇప్పటికే టోకెన్ అడ్వాన్సు తీసుకుని ఉంటే, జరిగిన పనిమేరకు అధికారాన్ని వెనక్కి తీసుకోలేరని సెక్షన్ 204 అంటుంది. ఆ పార్టీ కొంటే కమీషన్ ఇవ్వాల్సిందే. ఒప్పందం ముగించి ఆ పార్టీకే అమ్మి కమీషన్ ఎగ్గొట్టాలనుకునేవారికి ఈ సమీక్షలో సాయం లేదు.

యజమాని మరణిస్తే? ఏజెన్సీ ముగిసే కారణాల్లో యజమాని మరణాన్ని సెక్షన్ 201 చేర్చింది. తండ్రి పేరున ఉన్న ఇంటికి తండ్రి సంతకంతో చేసిన అగ్రిమెంట్‌ను చూపించి వారసుల దగ్గరకు వచ్చే ఏజెంటు, వారితో కొత్త ఒప్పందం చేసుకోవాల్సిందే.

ముగించే పని, వరుసగా

పనితీరు బాగాలేదన్నది మీ కారణమైతే, ముందు హెచ్చరిక ఉత్తరం పంపండి. ‘గత నెల రోజుల్లో ఎంతమందికి చూపించారు, వారి అభిప్రాయం ఏమిటి, ప్రకటనల లింకులు ఏవి, 7 రోజుల్లో తెలియజేయండి’ అని రెండు మూడు వాక్యాలు చాలు. జవాబు రాకపోతే, సెక్షన్ 205లోని ‘సరైన కారణం’ మీ చేతిలో ఉన్నట్టే. వచ్చిందనుకోండి, పార్టీల పేర్లు ముందే కాగితం మీదికి వస్తాయి. తర్వాత ఆ జాబితా పెరగడానికి వీలుండదు.

ముగింపు నోటీసుకు స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. అగ్రిమెంట్‌లో ఎంతమంది యజమానులు సంతకం పెట్టారో అంతమందీ నోటీసులో పెట్టాలి. భార్యాభర్తల జాయింట్ ఫ్లాట్‌కు ఒక్కరి సంతకంతో పంపితే, రెండోవారు ముగించలేదన్న వాదనకు చోటిచ్చినట్టవుతుంది. ఈ నమూనా సరిపోతుంది:

‘ఫలానా చిరునామాలోని ఫ్లాట్ అమ్మకం విషయమై మన మధ్య 2025 జూన్ 1న జరిగిన ఒప్పందాన్ని, అందులోని 9వ షరతు ప్రకారం 15 రోజుల నోటీసుతో ముగిస్తున్నాము. ఈ నోటీసు మీకు అందిన 16వ రోజు నుంచి మా తరఫున ఇల్లు చూపించడానికి, ధర మాట్లాడడానికి, టోకెన్ లేదా అడ్వాన్సు తీసుకోవడానికి మీకు ఎలాంటి అధికారం ఉండదు. నోటీసు కాలంలో కూడా మా రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరాదు. ముగిసిన 7 రోజుల్లో మీరు స్వయంగా ఇల్లు చూపించిన వారి పేర్లు, తేదీలు తెలపాలి. తాళం చెవులు, మా పత్రాల నకళ్లు తిరిగి ఇవ్వాలి. అన్ని పోర్టళ్లలో, సోషల్ మీడియాలో ఉన్న ప్రకటనలు, ఇంటి వద్ద ఉన్న బోర్డు తొలగించాలి. ఒప్పందం ప్రకారం మీకు రావలసినది ఏదైనా ఉంటే రసీదులతో తెలియజేయగలరు.’

షరతు నంబరు, రోజులు మీ అగ్రిమెంట్ చూసి మార్చుకోండి. కారణాలు పేజీలకొద్దీ రాయకండి. రాసిన ప్రతి ఆరోపణనూ తర్వాత రుజువు చేయాల్సి వస్తుంది.

పంపడం మూడు దారుల్లో. అగ్రిమెంట్‌లో ఉన్న చిరునామాకు డెలివరీ రుజువుతో స్పీడ్ పోస్టు, ఇమెయిల్, వాట్సాప్‌లో సంతకం చేసిన కాపీ పీడీఎఫ్. సెక్షన్ 208 ప్రకారం ముగింపు ఏజెంటుకు తెలిసినప్పటి నుంచే అమల్లోకి వస్తుంది. ‘నాకు అందలేదు’ అన్న మాటకు అవకాశం లేకుండా చేయడమే ఈ మూడింటి ప్రయోజనం. వాట్సాప్ స్క్రీన్‌షాట్‌తో తృప్తిపడొద్దు. భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రుజువుకు ధ్రువపత్రం కావాలి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచండి, ఫోన్ మార్చినా పాతది పారేయకండి.

అదే సెక్షన్ 208లో యజమానులు పట్టించుకోని సగం ఒకటుంది. మూడో వ్యక్తుల విషయంలో, వారికి తెలిసినప్పుడే ముగింపు వర్తిస్తుంది. ఒప్పందం ముగిసిన సంగతి తెలియని పార్టీ, మీ పేరు మీద పాత ఏజెంటుకు లక్ష టోకెన్ ఇస్తే ఆ తలనొప్పి మీ గుమ్మం దాకా వస్తుంది. అందుకని నోటీసుతో పని అయిపోయిందనుకోవద్దు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఒక మెసేజ్ పెట్టండి. వాచ్‌మన్‌కు స్వయంగా చెప్పండి. మన అపార్ట్‌మెంట్లలో పార్టీని పైకి తీసుకెళ్లేది చాలాసార్లు వాచ్‌మనే, బ్రోకరు ఇచ్చే చేతిఖర్చూ అతనికి అందుతుంది. పాత బ్రోకరు వస్తే తాళం ఇవ్వొద్దని చెప్పి, వీలైతే తాళమే మార్చేయండి. ఖాళీ ఫ్లాట్ అయితే ఈ పని తప్పనిసరి. ఇప్పటికే ఇల్లు చూసి మాటల్లో ఉన్న పార్టీల నంబర్లు మీ దగ్గరుంటే, ‘ఫలానా తేదీ నుంచి మా తరఫున ఎవరికీ డబ్బు ఇవ్వకండి’ అని ఒక మెసేజ్ పంపండి.

ప్రకటనలు, జాబితా, నకళ్లు

ఈ సేవకు మార్కులు బాగా తగ్గేది ఇక్కడే. ఒప్పందం ముగిసినా ప్రకటన తీయరు. 99ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్, హౌసింగ్ డాట్ కామ్‌లలో పెట్టిన మంచి ఫ్లాట్ ఫొటో ఏజెంటుకు ఫోన్లు తెచ్చిపెట్టే ఎర. ‘అది అయిపోయిందండీ, ఇంకోటి ఉంది’ అని వేరేది చూపించడానికి అది పనికొస్తుంది. ఇటు కొత్త ఏజెంటు కొత్త రేటుతో పెడితే, పాత రేటు పక్కనే కనిపిస్తూ బేరం చెడగొడుతుంది. నోటీసు పంపే రోజే ప్రతి ప్రకటనకూ లింకు, స్క్రీన్‌షాట్, లిస్టింగ్ నంబరు తీసిపెట్టుకోండి. గడువు దాటినా తీయకపోతే పోర్టల్‌లోని ఫిర్యాదు బటన్ ద్వారా నోటీసు కాపీ జతచేసి యజమానిగా అడగండి. ఫొటోలు ఏజెంటు తీయించినవైతే కొత్త ప్రకటనలో వాటిని వాడకండి. ఎవరి ఫొటోలన్న తగవు పెట్టుకోవడం కంటే కొత్తవి తీయించుకోవడం మంచిది.

ముగింపు నోటీసు అందాక వచ్చే జాబితా తరచూ ఒక ఎక్సెల్ షీటు. అందులో నలభై పేర్లు, సగానికి ఫోన్ నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. పోర్టల్‌లో బటన్ నొక్కినవాళ్లందర్నీ దించేసి పంపుతారు. అలాగే ఒప్పుకుంటే రేపు ఎవరు కొన్నా అందులో ఉన్నారనే ప్రమాదం ఉంది. వచ్చిన రెండు మూడు రోజుల్లోనే రాతలో జవాబివ్వాలి: ‘ఇల్లు స్వయంగా చూసిన తేదీ, వెంట వచ్చిన మీ ఉద్యోగి పేరు ఉన్న వరుసలను మాత్రమే అంగీకరిస్తున్నాం, మిగిలినవి కాదు.’ గేటెడ్ కమ్యూనిటీ అయితే గేటు దగ్గరి విజిటర్ ఎంట్రీలు దీనికి గట్టి రుజువు. అసోసియేషన్‌ను అడిగి ఆ తేదీల వివరాలు తీసుకోండి. యాప్‌లో పాత ఎంట్రీలు తుడిచిపెట్టుకుపోకముందే అడగాలి.

ఇక పత్రాలు. ఒరిజినల్ సేల్ డీడ్‌ను ఏ ఏజెంటు చేతికీ ఇవ్వకూడదు, ఒక్కరోజుకైనా. ఇది అపనమ్మకం వల్ల చెబుతున్నమాట కాదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 221, వేరే ఒప్పందం లేనప్పుడు, తనకు రావాల్సిన కమీషన్, ఖర్చులు అందేవరకు యజమాని పత్రాలను, ఆస్తిని తన దగ్గర ఉంచుకునే హక్కు ఏజెంటుకు ఇస్తుంది. తగవు వచ్చిన రోజు ఒరిజినల్స్ అతని బీరువాలో ఉంటే, న్యాయం మీ వైపున్నా బేరం అతని చేతిలో ఉంటుంది. కొనేవారి లాయరు చూడాలంటే మీ సమక్షంలో చూపించండి. నకళ్లు ఇచ్చేటప్పుడు ప్రతి పేజీ మీద అడ్డంగా ‘పరిశీలనకు మాత్రమే’ అని రాసి తేదీ వేయండి. ఆధార్ అవసరమైతే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఒరిజినల్స్ ఇప్పటికే ఇచ్చి ఉంటే, ముగింపు నోటీసు పంపకముందే ఏదో ఒక పనికి కావాలని అడిగి తెచ్చుకోండి. ఈ వరుస తప్పితే కష్టం.

పేరుకే ఏజెంటు, నిజానికి కొనుగోలుదారు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్న ఇంకో పద్ధతిని దీనితో కలపకూడదు. బ్రోకరు మీకు రెండు మూడు లక్షల బయానా ఇచ్చి, తన పేరుతోనే సేల్ అగ్రిమెంట్ రాయించుకుంటాడు. ‘నా పేరున గానీ, నేను చెప్పినవారి పేరున గానీ రిజిస్టర్ చేయవలెను’ అని ఒక వాక్యం ఉంటుంది. మూడు నెలల్లో ఎక్కువ రేటుకు ఇంకొకరికి అమ్మి తేడా తీసుకుంటాడు. ఇతను మీ ఏజెంటు కాదు, మీ కొనుగోలుదారు. 15 రోజుల నోటీసులు, సెక్షన్ 203 ఇక్కడ పనిచేయవు. గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు ‘నాకే రిజిస్టర్ చేయాలి’ అని దావా వేసే హక్కు అతనికి ఉంటుంది. దావా పడిందంటే, తీర్పు వచ్చేదాకా ఆ ఇంటిని శుభ్రంగా కొనేవాడు దొరకడు. బ్యాంకు లోను ఇవ్వదు.

దీన్నుంచి బయటపడాలంటే బయానాను బ్యాంకు ద్వారా తిరిగిచ్చి, రెండు వైపులా సంతకాలతో రద్దు పత్రం రాసుకుని, పాత అగ్రిమెంట్ ఒరిజినల్‌ను వెనక్కి తీసుకోవాలి. అది రిజిస్టరైన అగ్రిమెంట్ అయితే రద్దూ రిజిస్టర్ కావాలి. గడువు దాటింది కదా అని ఊరుకుని వేరేవారికి అమ్మడం పెద్ద పొరపాటు. లాయరు ఫీజు పెట్టాల్సిన సందర్భం ఏదైనా ఉందంటే ఇదే. అమ్మకం సేవగా దీన్ని మేం ఎవరికీ సిఫారసు చేయం.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మీ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) కూడా అంతే. విదేశాల్లో ఉన్నవారు సౌకర్యమని ఏజెంటు మనిషికే జీపీఏ ఇస్తుంటారు. ఇస్తే అమ్మకపు ఒప్పందంతో పాటు దాన్ని విడిగా రద్దు చేయాలి. రిజిస్టరైన జీపీఏకు రిజిస్టరైన రద్దు పత్రం, ఆ మనిషికి నోటీసు, స్థానిక తెలుగు దినపత్రికలో చిన్న ప్రకటన, ఇవన్నీ కావాలి. రిజిస్ట్రేషన్ రోజున సంతకం పెట్టే అధికారం అన్నకో, అక్కకో ఇచ్చి, ఏజెంటుకు ఇల్లు చూపించే పని మాత్రమే అప్పగించండి.

తగవు పడితే

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అథారిటీ) పేరు చెప్పి బెదిరించడం యజమానులకు అలవాటైంది కానీ దాని పరిధి తెలుసుకోవాలి. 2016 రెరా చట్టం సెక్షన్ 9 ప్రకారం ఏజెంటు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యేది, రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లోని ప్లాట్లు, ఫ్లాట్ల లావాదేవీలకే. మీ ఫ్లాట్ అలాంటి ప్రాజెక్టులోదైతే ఏజెంటు మీద అథారిటీకి వెళ్లవచ్చు. సెక్షన్ 9, 10 ఉల్లంఘిస్తే రోజుకు 10,000 చొప్పున, ఆ ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా పడుతుందని సెక్షన్ 62 చెబుతుంది. ఎప్పుడో కట్టిన అయిదంతస్తుల అపార్ట్‌మెంటో, పాత డాబా ఇల్లో అయితే ఆ దారి నిలబడటం కష్టం.

అలాంటప్పుడు వినియోగదారుల కమిషన్ దారి ఉంది. డబ్బు ఇచ్చి సేవ తీసుకున్నారు కాబట్టి సేవాలోపం కింద జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం అయిదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు, కారణం పుట్టిన రెండేళ్లలో వెళ్లాలి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ప్రకటన తీయకపోవడం, అడ్వాన్సు ఫీజు తిరిగివ్వకపోవడం లాంటివి అక్కడే తేలిపోవచ్చు. ఏజెంటు వైపు నుంచి వచ్చేది మామూలుగా లాయరు నోటీసు. జవాబు ఇవ్వకుండా వదిలేయకండి. నోటీసు తేదీ, జాబితా, రసీదులు జతచేసి ఒక పేజీలో జవాబు చాలు. కమీషన్ తగవుతో అతనికి డబ్బు దావా వేసే హక్కు ఉంటుంది గానీ, మీ ఇంటి మీద హక్కు పుట్టదు.

ఇవ్వాల్సింది తేలితే బ్యాంకు ద్వారానే ఇవ్వండి. జీఎస్టీ అడిగితే జీఎస్టీ నంబరున్న ఇన్‌వాయిస్ అడగండి. ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటని ఏజెంటుకు ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రిజిస్ట్రేషన్ లేనివారు జీఎస్టీ వసూలు చేయకూడదు. అమ్మకం జరిగాక ఇచ్చిన కమీషన్‌ను మూలధన లాభం లెక్కలో అమ్మకపు ఖర్చుగా తీసేయవచ్చు కాబట్టి ఆ రసీదు మీకూ విలువైనదే. డబ్బు అందగానే ‘ఈ ఆస్తి విషయంలో మాకు ఎలాంటి బాకీ లేదు, జాబితాలోని ఈ ముగ్గురి విషయంలో తప్ప ఇకపై కమీషన్ కోరము’ అని సంతకంతో ఒక ఉత్తరం తీసుకోండి.

కొత్త ఏజెంటుతో సంతకం పెట్టేముందు ఆ జాబితా అతనికి చూపించండి. ‘ఈ ముగ్గురిలో ఎవరు కొన్నా, అక్టోబరు 28 వరకు మీకు కమీషన్ లేదు’ అని కొత్త అగ్రిమెంట్‌లో రాయించండి. ఈ వాక్యానికి అతను ఒప్పుకోకపోతే అక్టోబరు 29 దాకా ఆగి సంతకం పెట్టండి. ఈలోగా ఆన్‌లైన్‌లో ఈసీ ఒకసారి తీసి చూసుకోండి. రిజిస్టరైన లావాదేవీలు ఏవైనా మీకు తెలియకుండా పడి ఉంటే అందులో కనిపిస్తాయి. నోటరీ చేసిన అగ్రిమెంట్లు మాత్రం ఈసీలోకి ఎక్కవు.